పెద్దాయన కూత

ప్రార్థన హాలు వెనక గది నుంచి,
వానలు వెలిసిన వారం

అక్కకు,

తల వంచి, మాట మాత్రం వంచకుండా నీ తమ్ముడు రాసేది.

ఇన్నేళ్ల తర్వాత నా ఉత్తరం చూసి నువ్వేమంటావో నాకు తెలుసు. ఉరుముకి ఏదో అవసరం పడింది అంటావు. చిన్నప్పుడు నువ్వు పెట్టిన ఆ పేరు సంఘంలో పిల్లలకు ఎలా తెలిసిందో గానీ, ఇప్పుడు వాళ్లూ చాటుగా అలాగే పిలుస్తున్నారు. అవసరమే పడింది. దాచను.

అమ్మ కోళ్లు పోతున్నాయి.

చచ్చిపోతున్నాయని కాదు. తింటున్నాయి, గుడ్లు పెడుతున్నాయి, పిల్లలు లేస్తున్నాయి. కంఠె పోతోంది. ఒళ్లంతా తెలుపు, మెడ చుట్టూ నల్లటి కంఠె, అందులో ఒక్కో ఈకకూ సన్నటి తెల్ల అంచు, వెనక నల్లటి తోక. అమ్మ జీవితమంతా ఏరి ఏరి నిలబెట్టిన జాతి అది. ఈ ఏడాది పిల్లలకు ఈకలు మారాక చూద్దును కదా, కంఠె ఉండాల్సినచోట బూడిద గీత. తోకలు పదేపదే ఉతికిన గుడ్డల్లా ఉన్నాయి. రెక్క ముడిస్తే కనబడకుండా, విప్పితే కనబడాల్సిన నలుపు అసలే లేదు. పోయినేడు కాస్త పలచబడితే మేత లోపం అనుకున్నాను. ఇలాగే ఇంకో తరం గడిస్తే నా దొడ్లో తిరిగేవి ఉత్త తెల్ల కోళ్లే. బజారు బుట్టల్లో వాటికీ వీటికీ తేడా ఉండదు.

నేను నిర్లక్ష్యం చేయలేదక్కా. ఒంటి మీద మచ్చ ఉన్న దేన్నీ మందలో ఉంచలేదు. వీపు మీద మసి చుక్క కనబడితే ఆ పూటే తీసేశాను. కళంకం లేనిదే అర్పణకు తగినదని వాక్యం చెబుతుంటే నా దొడ్డికి మాత్రం వేరే న్యాయం ఉంటుందా?

అమ్మ పోయేముందు మందను నీకు సగం, నాకు సగం పంచి, ఏటేటా ఒక పుంజును మార్చుకోమంది. అది ఎందుకు ఆగిందో ఇద్దరికీ తెలుసు. ఆ ఏడు నువ్వు పంపిన పుంజు వీపు మీద మసి ఉంది. "మచ్చ గలది నాకు వద్దు" అని చీటీ రాసి, దాని కాలికి కట్టి తిప్పి పంపాను. నువ్వు అది మీ ఆయన్ని అన్న మాట అనుకున్నావు. మీ ఆయన గురించి అనాల్సింది నేను వేదిక మీదే అన్నాను, కోడి కాలికి కట్టాల్సిన పని లేదు. చీకటి గదిలో కూర్చుని జనానికి సినిమా బొమ్మలాడించి బతికే మనిషి, మందిరం మొహం చూడని మనిషి, ఒంటినిండా పొడలున్న మనిషి. ఆ గడప తొక్కనని అందరి ముందూ అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను.

అమ్మ చేత్తో పొదిగించిన చివరి పుంజు పెద్దాయన ఇంకా నీ దగ్గరే ఉన్నాడని విన్నాను. ఒక్క గుడ్ల కాలం నాకు పంపు. ఇది నా కోసం అడగడం లేదు. అమ్మ ఇంకో పిల్లలా పెంచిన మంద నా చేతుల్లో తెల్లబడి పోకూడదు.

తమ్ముడు

*

సినిమా హాలు పక్క సందు, పై వాటా నుంచి

ఒరేయ్ తమ్ముడూ,

చేతిరాత చూసి కవరు తిరగేసి ఉంటావు. రాసేది మీ బావ. చెప్పేది నేను. నా కళ్లు పోయాయి. వేసవిలో ఆపరేషన్ చేశారు, కట్టు విప్పారు, వెలుతురు రాలేదు. అంతే కథ. ఎందుకు కబురు చేయలేదని గొడవ పడకు. తలుపేసుకున్నవాడికి ఎటునుంచి చెప్పను?

కాబట్టి నీ ఉత్తరం నాకు చదివి వినిపించిందీ ఆయనే. చీకటి గది, మందిరం, పొడలు, అన్నీ. ఒక్క మాట మింగలేదు, గొంతు మార్చలేదు. ఒంటినిండా పొడలు అన్నచోట మాత్రం ఆగి, "వీపు నాకు కనబడదు గదా, ఇన్నేళ్లలో నువ్వన్నా చెప్పలేదేమే" అన్నారు. నవ్వొచ్చింది. కళ్లు పోయాక నేను నవ్వడం అదే మొదలట, ఆయనే చెప్పారు. పోనీలే, నీ వల్ల ఒక మంచి జరిగింది. నువ్వు అనుకున్న పద్ధతిలో కాదు గానీ.

ఇక కోళ్ల సంగతి. నీకు ఊరందరికీ చెప్పడం వచ్చు, ఒకరు చెబితే వినడం రాదు. అమ్మ పుంజును ఎలా ఎంచేదో గుర్తు తెచ్చుకో. పైపైన చూసి ఎంచేది కాదు. ఒళ్లో పెట్టుకుని వీపు ఈకల్లోకి నోటితో ఊదేది. ఈకలు విచ్చుకుని అడుగున నూగు కనబడేది. నూగు తెల్లగా ఉంటే పక్కన పెట్టేది, బూడిదరంగులో ఉంటే ఉంచేది. కుంపట్లో బూడిద కింద నిప్పు దాగినట్టు మెడ నలుపంతా ఆ నూగులోనే దాగి ఉంటుందనేది. ఒకోసారి ఆ బూడిద ఎక్కువై వీపు మీదికి మసిగా తేలుతుంది. చూడ్డానికి బాగుండదు. అయినా మందలో అలాంటిది ఒకటి ఉండాల్సిందే, రేపటి కంఠె దాన్లోంచి రావాలి. నువ్వు ముందు మసి ఉన్నవాటిని తీసేశావు. అది చాలక బూడిద ఉన్నవాటినీ ఏరి తీసేసి ఉంటావు, నీ సంగతి నాకు తెలియదా? కుంపటంతా తళతళలాడేలా ఊడ్చుకుని, నిప్పు రాజుకోవడం లేదేమని ఇప్పుడు నన్నడుగుతున్నావు.

దీన్ని ఉపమానం చేసి వేదికెక్కకు. కోడి సంగతి కోడి సంగతే.

ఇప్పుడు నాకు బదులు ఊదేది మీ బావ. కోడి రెట్ట కనబడితే ముక్కు మూసుకున్న మనిషి. కోళ్లేమో మేడ మీద, మెట్లకు రెయిలింగు లేదని నన్ను ఎక్కనివ్వరు. ఒక్కో పెట్టనూ బుట్టలో కిందికి తెచ్చి, నా కుర్చీ పక్కన చతికిలబడి ఊదుతారు. ఏం రంగు అంటాను. పొగ రంగు అంటారు, తడిసిన సిమెంటు అంటారు. ఒకసారి, ఆట మొదలయ్యే ముందు దీపాలు సగం ఆర్పినప్పుడు తెర ఉంటుందే, ఆ రంగు అన్నారు. నాకు అచ్చంగా కనబడింది.

పెద్దాయన్ని ఇస్తాను. కానీ ముసలి పుంజు, బుట్టలో పడేసి పంపే సరుకు కాదు. నువ్వొచ్చి, ఈ గడప దాటి, మీ బావని అడిగి తీసుకెళ్లు. మేత వేసి పెంచేది ఆయన.

అక్క

*

ప్రార్థన హాలు వెనక గది నుంచి

అక్కా,

నీ ఉత్తరం సగంలోనే మోకాళ్ల మీద పడ్డాను. మిగతా సగం లేచాక చదివాను. నీ కళ్ల గురించి నాకు ప్రార్థన తప్ప మాట రావడం లేదు. మాటలతో బతికేవాడికి ఇది ఎంత కష్టమో నీకు తెలుసు.

నా పక్షుల్ని ఒక్కొక్కటే పట్టి ఊదాను. కడిగిన పింగాణీలా తెలుపు. ఒక్కదాన్లోనూ బూడిద లేదు. పొలం పనివాడు కలుపు పీకుతానంటే, వద్దు, గోధుమ కూడా ఊడొస్తుంది, కోతదాకా రెండింటినీ పెరగనివ్వమన్న యజమాని కథ ఎన్ని ఆదివారాలు చెప్పానో. చెప్పడమే గానీ నా దొడ్లోకి ఆ కథ రాలేదు.

కానీ గడప సంగతి వేరు. తొందరపడి మొక్కుకుని, ఆ మొక్కుకి కన్నకూతుర్నే అప్పగించిన న్యాయాధిపతి అన్న మాట వెనక్కి తీసుకోలేదు. దేవుడి ముందు జారిన మాటను ఏరుకోవడానికి నాకేం హక్కుంది? నా నోరు సంఘానికి దారి చూపించే నోరు. అది ఒకసారి తప్పితే రేపు నేను ఏం చెప్పినా ఎవరు నమ్ముతారు?

మా సంఘంలో వడ్రంగి ఒకడున్నాడు. నెమ్మదైనవాడు, పక్షుల్ని పట్టుకోవడం తెలిసినవాడు. గడ్డి పరిచిన బుట్టతో అతన్ని పంపుతున్నాను. పెద్దాయన్ని అతని చేతికివ్వు. నా మీద కోపంతో అమ్మ మందను బలి పెట్టకు.

తమ్ముడు

*

సినిమా హాలు పక్క సందు, పై వాటా నుంచి

తమ్ముడూ,

నీ వడ్రంగి వచ్చాడు. టీ తాగాడు. బుట్ట ఖాళీగానే పంపాను, చూసుకునే ఉంటావు. మంచివాడు. మా మెట్లకు రెయిలింగు లేదని చూసి, ఎవరూ అడక్కుండానే కొలత తీసుకున్నాడు. పండగలకీ పబ్బాలకీ కాదు, పని లేని వారం చూసుకుని వచ్చి బిగిస్తానన్నాడు. అది అయితే నేను మళ్లీ మేడ ఎక్కుతాను, నా పక్షుల్ని నేనే తడుముకుంటాను. నీ సంఘంలో మాటలు తక్కువ, పని ఎక్కువ ఉన్నవాళ్లు కూడా ఉన్నారని తెలిసి సంతోషం.

నా మాట మారదు. పుంజు కావాలంటే నువ్వే రా.

అక్క

*

(అదే కవర్లో, వేరే కాగితం మీద)

బావమరిది గారికి,

ఇది మీ అక్కయ్య చెప్పి రాయించింది కాదు. కవరు అంటించే ముందు నేను పెట్టింది.

పెద్దాయన లేడు.

ఆసుపత్రిలో కట్టు విప్పిన రోజు. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, ఇక చూపు రాదు, మీరే నెమ్మదిగా చెప్పండి అన్నాడు. మేత వేసి వద్దామని ఇంటికొచ్చాను. పెద్దాయన గూట్లో, తల రెక్క కింద పెట్టుకుని, అలాగే పోయి ఉన్నాడు. వయసు తప్ప ఇంకే కారణం లేదు. మళ్లీ ఆసుపత్రికెళ్లి మీ అక్కయ్యకు కళ్ల సంగతి చెప్పాను. ఆమె "పెద్దాయన మేత తిన్నాడా" అంది. తిన్నాడు అన్నాను. ఒకే రోజు రెండు చావులు చెప్పడం నా వల్ల కాలేదు. ఆ తర్వాత ఏ రోజూ దానికి మంచి రోజు అనిపించలేదు.

మిగిలిన పుంజు ఒక్కటే, పెద్దాయన కొడుకు. మసోడు అంటాం. మెడ తండ్రిదే, తారులో ముంచినట్టుంటుంది. కానీ వీపంతా మసి చల్లినట్టు చుక్కలు. తల్లివైపు తాత ఎవరో చెప్పనా? మీరు కాలికి చీటీ కట్టి తిప్పి పంపినవాడే.

మీరొస్తే బుట్టలో పెట్టి ఇచ్చేది వీణ్ణే. మీ అక్కయ్య మాత్రం పెద్దాయన్ని ఇస్తున్నాననుకుంటుంది. మీరు మూత తీసి, ఇదెక్కడి పొడల పుంజు అని ఒక్క మాటంటే చాలు, మీ గొంతు హాల్లో చివరి బెంచీదాకా వినబడే గొంతు. మీరు వచ్చి, మాట్లాడకుండా తీసుకెళ్లాలి. రెయిలింగు బిగించేలోగా రావాలి. ఆమె మేడ ఎక్కి చేత్తో తడిమితే పడుచు పుంజు పొట్టి కాలి గోరు దాచగలనా, పెద్దాయనది వేలంత ఉండేది? పెద్దాయన తమ్ముడి దగ్గర ఉన్నాడంటే ఆమెకు ధైర్యం.

జీవితమంతా చీకటి గదిలో కూర్చున్నాను, నిజమే. అక్కడ నా పనల్లా వెలుతురు ఆగిపోకుండా చూడటమే. ఇప్పుడూ అదే చేస్తున్నానని నా నమ్మకం. తప్పయితే మీకు తెలిసిన దేవుడికి మీరే చెప్పండి.

మీ బావ

*

ప్రార్థన హాలు వెనక గది నుంచి

బావగారికి,

పెళ్లయిన ఇన్నేళ్లలో మీకు నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే అనుకుంటాను. మీ సినిమా హాలు చిరునామాకు పంపుతున్నాను, ఇంట్లో పడకూడదని. చూశారా, మీ అబద్ధం అప్పుడే నన్ను దొంగదారి పట్టించింది.

పెద్దాయన పోయాడని చదివి ఏడ్చాను. అది ఒప్పుకుంటాను. వాడు గుడ్డులోంచి బయటికొచ్చినప్పుడు అమ్మ అరచేతిలో పెట్టి నాకు చూపించింది.

కానీ మీరడిగింది నేను చేయలేను. అబద్ధానికి ఒక తండ్రి ఉన్నాడని, వాడు సాతానేనని వాక్యం చెబుతోంది. వాడి కుటుంబంలో చేరమని నన్ను పిలుస్తున్నారు. చూపు పోయినవాళ్ల దారిలో అడ్డం పెట్టొద్దని ధర్మశాస్త్రంలో ఉంది. చూడలేని మనిషికి ఉన్నదాన్ని లేదని, లేనిదాన్ని ఉందని చెప్పడం అడ్డం కాక మరేమిటి? మీరు ప్రేమతోనే చేశారు. అది నాకు అర్థమవుతోంది, అందుకే ఇంకా భయమేస్తోంది. కోపంతో ఆడిన అబద్ధమైతే తేలిగ్గా ఖండించేవాణ్ణి.

నేనొస్తే నిజమే చెబుతాను. రాకపోతే మంద పోతుంది. ఈ రెండింటి మధ్యా పడి మూడు రోజులుగా అన్నం సహించడం లేదు. ఆదివారం వేదిక మీద నిలబడి సగంలో మాట మర్చిపోయాను. ముందు వరసలో ముసలమ్మ ఒకావిడ లేచి మంచినీళ్లిచ్చింది.

ఇంకొక్క ప్రశ్న. ఆ మసోడి వీపు మీద ఊది చూశారా? అడుగు నూగు ఏ రంగు?

మీ బావమరిది

*

సినిమా హాలు పక్క సందు, పై వాటా నుంచి

తమ్ముడూ,

ఈ రాత మీ బావది కాదు. కింద వాటాలో ఉండే టీచరమ్మ రాసిపెడుతోంది. ఆయన మ్యాట్నీకి వెళ్లారు. ఈవిడ బళ్లో పిల్లల గుట్లే బయటపెట్టదు, మన గుట్టు పెడుతుందా? ధైర్యంగా చదువు.

ఆయన నీకు చాటుగా ఏదో రాస్తున్నారు. కవరు అంటించేటప్పుడు కాగితం రెండుసార్లు చప్పుడైంది. కళ్లు పోయినవాళ్లకి చెవులు ఎక్కువ పనిచేస్తాయని ఆయనకింకా తెలియదు. ఏం రాశారో కూడా నాకు తెలుసు. పెద్దాయన లేడనే.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే తెలిసింది. పెద్దాయన కూత నీకు గుర్తుందా? మూడొంతులు గంభీరంగా లేచి, చివర్లో ముసలి గుమాస్తా గొంతు సవరించుకున్నట్టు చిన్న గురక. ఆ పొద్దున మేడ మీంచి వచ్చిన కూతకి ఆ గురక లేదు. లేత గొంతు, చివర్న కత్తిరించినట్టు ఆగిపోయింది. మసోడు. తండ్రి బతికుండగా వాడు నోరెత్తి ఎరగడు, మందలో పెద్ద పుంజు ఉంటే చిన్నది కూయదు. మంచంలో పడుకునే అర్థం చేసుకున్నాను. "పెద్దాయనకి జలుబు చేసిందా" అన్నాను మీ బావతో. ఆయన గ్లాసు కడుగుతున్నారు. కుళాయి కట్టేసి, "గాలి పడలేదేమో" అన్నారు. ఆ గొంతు నువ్వు వినాల్సింది, అది కోడి కంటే ఘోరంగా ఉంది. ఇంక అడగలేదు.

అప్పటినుంచీ రోజూ నాకు పెద్దాయన కబుర్లు చెబుతారు. ఇవాళ ఎండలో రెక్క చాపి పడుకున్నాడు, ఇవాళ పెట్టని తరిమాడు అని. ఎంత బాగా చెబుతారో తెలుసా? అన్నీ నాకు కనబడతాయి. ఇన్నాళ్లు ఆ మనిషి చూపించిన సినిమా ఒక్కటీ నేను చూడలేదు, నువ్వు తిడతావని. ఇప్పుడు చూస్తున్నాను.

నువ్వు నిజం కోసం నిలబడేవాడివి. కానీ ఒక్కసారి ఆలోచించు. ఈ గుమ్మంలో నిలబడి నువ్వు నిజం ఉరిమితే, అది నాకు కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆయనకు మాత్రం, నేను తెలిసీ ఇన్నాళ్లు ఊరుకున్నానని తెలుస్తుంది. నీ తిట్లన్నీ తల వంచుకోకుండా నాకు చదివిన మనిషి, నా ముందు తల వంచుకుంటాడు. అది నేను చూడలేను. కళ్లు లేకపోయినా చూడలేను.

రా. మసోణ్ణి తీసుకెళ్లు, అమ్మ అయినా వాణ్ణే ఎంచేది. నాకు తెలుసని ఆయనకు చెప్పకు.

అక్క

*

ప్రార్థన హాలు వెనక గది నుంచి

అక్కకూ బావగారికీ,

ఇద్దరూ కలిసి చదువుకోండి.

పోయిన ఆదివారం వేదికెక్కి, వాక్యం తెరవకముందే చెప్పాను. ఫలానా గడప తొక్కనని ఇదే వేదిక మీంచి అన్నాను, ఆ మాట దేవుడు అనమన్నది కాదు, నా నోరు అన్నది, కాబట్టి తీసుకునే హక్కు నాకుంది, తీసుకుంటున్నాను అన్నాను. వడ్రంగి ఒక్కడే తల ఊపాడు. వాడు మీ టీ తాగొచ్చినవాడు గనక వాడి సాక్ష్యం చెల్లదని పక్కవాళ్లు అనుకున్నారేమో.

మామగారి మందను కాసి, పనికి ప్రతిఫలంగా మచ్చలున్నవీ పొడలున్నవీ నాకిస్తే చాలన్న కాపరి ఒకడున్నాడు. అందరూ వద్దన్నవాటినే అడిగాడు. వాటితోనే అతని మంద పెరిగింది. అక్కా, ఉపమానం చెప్పొద్దన్నావు. ఇది ఉపమానం కాదు, దారి ఖర్చుకి తెచ్చుకుంటున్న ధైర్యం.

శుక్రవారం వస్తాను. బావగారూ, పుంజును నాకిస్తారా అని మిమ్మల్ని అడుగుతున్నాను.

తమ్ముడు

*

సినిమా హాలు, పైన మిషను గది నుంచి

బావమరిది గారికి,

రెండో ఆట నడుస్తోంది. రీలు మార్చే పని ఇప్పుడు లేదు, అంతా మీట నొక్కుడే. కూర్చుని రాస్తున్నాను.

శుక్రవారం మీరు మెట్లెక్కి వస్తుంటే మీ అడుగుల బరువు చూసి, ఇక అయిపోయిందనుకున్నాను. మీ ఉత్తరంలో నేనొస్తే నిజమే చెబుతానని ఉంది కదా. మీరు చెప్పులు విడిచి గడప దాటారు. మీ అక్కయ్య బుట్ట మూత మీద చెయ్యి పెట్టి, పెద్దాయన జాగ్రత్తరా అంది. మీరు మూత కొంచెం ఎత్తారు. వాడి వీపు చూశారు. తర్వాత వేలితో ఈకలు విడదీసి, వంగి, ఊదారు. ఎంతసేపు చూశారో. అప్పుడు మీరన్న మాట నా చెవుల్లో ఇంకా ఉంది. "ఇది అమ్మ కోడేనక్కా."

ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూశాను. అందులో అబద్ధం ఎక్కడా దొరకలేదు. మీరు మామూలు మనిషి కాదు.

మీరు వెళ్లాక మీ అక్కయ్య నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. చేయి పట్టుకుంది. తమ్ముడు వచ్చి వెళ్లినందుకేమో.

వడ్రంగి రెయిలింగు బిగించాడు. ఆమె మేడ ఎక్కింది. పెట్టలన్నిటినీ ఒళ్లో పెట్టుకుని తడిమింది. కూత లేక మేడ బోసిగా ఉందంది. అవునన్నాను. ఈసారి నిజమే చెప్పాను, హాయిగా అనిపించింది.

మీ బావ

*

ప్రార్థన హాలు వెనక దొడ్డి నుంచి,
మళ్లీ వానలు పడే వేళ

అక్కకు,

బావగారు చదివి వినిపించేది. బావగారూ, మామూలుగానే ఒక్క మాట మింగకుండా చదవండి.

పిల్లలు లేచినప్పుడు పసుపు ముద్దల్లా ఉన్నాయి, కొన్నిటి వీపు మీద మాత్రం పొగ తగిలినట్టు నీడ. పాత రోజుల్లో అయితే ఆ నీడ చూసే తీసేసేవాణ్ణి. చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఓర్పు నేర్చుకోవడానికి కోడి ఈకలు మారేదాకా ఎదురుచూడటమంత బడి ఇంకొకటి లేదు. ఇప్పుడు ఈకలు మారాయి. అక్కా, కంఠె వచ్చింది. అన్నిటికీ కాదు. కొన్ని ఇంకా వెలిసిపోయే ఉన్నాయి. కానీ మూల గూట్లో ఒక పెట్టపిల్ల ఉంది, మెడ వంచి నీళ్లు తాగుతుంటే నల్లటి ఈకలు ఒకదాని మీద ఒకటి జారి, ఒక్కోదాని చుట్టూ తెల్ల అంచు మెరిసింది. అమ్మ ఉంటే పనంతా వదిలి నిలబడిపోయేది. రెక్క విప్పి చూశాను. లోపల నలుపు ఉంది.

దాని పక్కనే వీపంతా మసి ఉన్న పుంజుపిల్ల ఒకటి. దాన్నీ ఉంచాను. వచ్చే మార్పిడికి అది నీది. దాని కాలికి చీటీ ఏమీ ఉండదు.

గుడ్లు పగిలే రోజుల్లో మంత్రసానుల మీద వాక్యం చెప్పాను. పుట్టిన మగబిడ్డల్ని చంపమని రాజు ఆజ్ఞాపిస్తే, మేం వెళ్లేలోపే ప్రసవాలు అయిపోతున్నాయి ప్రభూ అని రాజు మొహం మీదే చెప్పి పసివాళ్లను కాపాడిన ఆడవాళ్లు. వాళ్లు చెప్పింది నిజం కాదు. దేవుడు వాళ్ల ఇళ్లు నిలబెట్టాడని మాత్రం రాసి ఉంది. ఇన్నేళ్లూ ఆ పేజీ తొందరగా తిప్పేసేవాణ్ణి. ఈసారి అక్కడే ఆగాను. సంఘంలో కొందరికి నచ్చలేదు. ముందు వరస ముసలమ్మ మాత్రం, బాబూ, ఇవాళ నువ్వు అరవలేదు, అయినా వినబడింది అంది.

వానలు తగ్గగానే మీరిద్దరూ రావాలి. హాలు మెట్లకు కూడా వడ్రంగి రెయిలింగు బిగిస్తున్నాడు. బావగారు మందిరంలోకి రానక్కర్లేదు, దొడ్లోకి వస్తే చాలు. మందిరం కంటే అక్కడే నేను ఎక్కువ నేర్చుకున్నాను.

పెద్దాయన కులాసాగా ఉన్నాడు. మేత బాగా తింటున్నాడు, మధ్యాహ్నం ఎండలో రెక్క చాపుకుని పడుకుంటున్నాడు. కూత మాత్రం కొంచెం మారింది. చివర్లో ఆ గురక పోయింది. ఊరు మారింది కదక్కా, ఇక్కడి గాలి వాడికి పడింది.

తమ్ముడు